మూడు నీళ్ళకు పోని వాసన

మంచి వాసన అంటే ఏమిటని ఎవరినైనా అడగండి. తొలకరి మట్టి అంటారు, మల్లెపూలు అంటారు, కాగిన నెయ్యి అంటారు. అన్నీ నలుగురిలో గౌరవంగా చెప్పుకోదగ్గవే. నాకు మాత్రం ఫినాయిలు వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వించుకోవడం నాకు ఎనిమిదో ఏటి నుంచే అలవాటు.

కోయంబత్తూరు గాంధీపురంలో ఒక చీరల షోరూములో, పట్టు సెక్షన్‌లో, ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్నాను. పని చేస్తున్నాను అనకుండా నిలబడుతున్నాను అని ఎందుకన్నానంటే, అక్కడ కూర్చునే భాగ్యం కొనడానికి వచ్చినవాళ్ళదే. పొద్దున షట్టరు ఎత్తగానే నేల తుడిచే అక్క బకెట్లో ఫినాయిలు కలుపుతుంది. గంజి వాసన, కొత్త జరీ వాసన, ఏసీ వాసన, వీటన్నిటి అడుగు నుంచి అది మెల్లగా పైకి లేస్తుంది. నేను కౌంటరు పట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండుసార్లు గట్టిగా పీలుస్తాను. పక్క సెక్షన్ పిల్లలు మొదట్లో నేను జపం చేసుకుంటున్నానని తప్పుకుని పోయేవాళ్ళు. అసలు సంగతి తెలిశాక, పట్టు సెక్షన్ అక్కకు ఎక్కడో ఒక మర లూజు అని తేల్చేశారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ రెండు పీల్పుల్లో నేను బస్సెక్కకుండా మదురై పోయి వస్తాను.

మదురైలో మేముండేది ఊరు శుభ్రం చేసేవాళ్ళ లైన్ ఇళ్ళలో. పన్నెండు ఇళ్ళు, ఒకటే కొళాయి. ఇంట్లో తెలుగు, కొళాయి దగ్గర సగం తెలుగు సగం తమిళం, బడిలో మొత్తం తమిళం. తెలుగు అక్షరాలు నాకు ఆదివారం చర్చిలో పాటల పుస్తకం చేతికిచ్చి నేర్పారు. అందుకే నా రాత ఇప్పటికీ రాగం తీస్తుందని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. మా తమ్ముడు ఇంకా అమ్మ కడుపులో ఉండగానే నాన్న పోయాడు. నాన్న చేస్తున్న పనినే అమ్మకు ఇచ్చారు. బస్టాండు మరుగుదొడ్లు కడగడం, కాలవల పక్కన బ్లీచింగ్ పౌడరు చల్లడం. తెల్లారకముందే పోయి మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చేది.

బడి మా లైనుకు దగ్గరే. నేను కూడా అన్నానికి ఇంటికే పరిగెత్తేదాన్ని. అమ్మ సందు మొదట్లో కనిపించగానే చేతులు చాచి ఎదురు పోయేదాన్ని. అమ్మ అక్కడే ఆగి చెయ్యి అడ్డం పెట్టేది.

"నిలువే! ముట్టొద్దు. నీళ్ళు పోసుకొని వస్తా."

మా లైనులో పనికి పోయే ప్రతి ఆడమనిషికీ ఒక నియమం ఉండేది. మూడు నీళ్ళు పోసుకోకుండా గడప తొక్కకూడదు, బిడ్డను ముట్టకూడదు, కుండ తాకకూడదు. మొదటి నీళ్ళు వట్టివి, దుమ్ముకు. రెండోవి వేపాకు కాచినవి, ఒంటికి. మూడోవి చిటికెడు పసుపు, పిండేసిన నిమ్మతొక్క వేసినవి, మనసుకు. మనసుకు అన్నది మా అమ్మ మాట. ఎవరు పెట్టారో తెలీదు ఆ నియమం. పైవాళ్ళెవరూ పెట్టలేదు, మావాళ్ళు తమకు తామే పెట్టుకున్నారు.

ఇళ్ళ వెనక రేకులూ పాత చీరలూ కట్టిన మరుగులు వరసగా ఉండేవి. మధ్యాహ్నమయ్యేసరికి అన్నింట్లోనూ ఒకేసారి నీళ్ళ చప్పుడు, ఒకేసారి మాటలు. ఒకరికొకరు కనబడరు, గొంతులే.

"ఏమక్కా, ఈపొద్దు నీ సోపు గుమ్మంటా ఉండాది! ఎవురింటి పెండ్లికే?"

"ఆమా, నీ మొగుడికే రెండో పెండ్లి. పత్రిక రాలేదా నీకు?"

"వాణ్ణి చేసుకొనేదానికి ఎవురు వస్తుండారో, ఆ తల్లికి కాళ్ళు కడిగి దండం పెడతానక్కా!"

పన్నెండు మరుగుల్లోనూ నవ్వు. నేను అమ్మ మరుగు బయట రాతి మీద తువ్వాలు పట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ విప్పిన పని చీర నా పక్కనే తీగ మీద ఉండేది. ఎవరూ చూడకుండా దానికి ముక్కు ఆనించేదాన్ని. ఫినాయిలు, బ్లీచింగు, చెమట. ఆ వాసన వచ్చిందంటే అమ్మ వచ్చేసిందన్నమాట. ఇంక అర్ధగంటలో నాది.

"అమ్మా, అయ్యిందా?"

"ఇంకొక నీళ్ళే."

ఆ తర్వాత మరుగు చీర పక్కకు జరిగేది. తడిజుట్టుతో, నిమ్మ వాసనతో అమ్మ బయటికి వచ్చి నన్ను అమాంతం ఎత్తుకునేది. ఒడిలో కూర్చోబెట్టుకుని, రసమన్నం ముద్దలు చేసి అరచేతిలో పెట్టేది. ముద్దలో పసుపు వాసన కూడా కలిసొచ్చేది. లోకంలో అంతకన్నా మంచి తిండి నేను తినలేదు. మీ పట్టు చీరల పెళ్ళిళ్ళలో ఇరవై రకాలు వడ్డించినా తినలేదు.

ఇక నా నోటి సంగతి. మా అమ్మ ఎప్పుడూ అనేది, నాకు నోరు ముందు పుట్టి, నేను తర్వాత పుట్టానని. మూడో క్లాసులో ఒకరోజు బడి ఆయా వరండాలో ఫినాయిలు సీసా మూత తీసింది. ఆ వాసన క్లాసులోకి వచ్చింది. నేను ఎగిరి గంతేసి, క్లాసంతా వినేలా, తమిళంలో, "అయ్, మా అమ్మ వాసన!" అని అరిచాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ అర్థమైంది. ముక్కులు మూసుకున్నారు, బెంచీలు చరిచారు, నవ్వారు. టీచరు కూడా తల తిప్పుకుని నవ్వింది. ఆ వారమంతా నన్ను ఫినాయిలు అనే పిలిచారు.

అంతటితో పోయేది. నేను పోనివ్వలేదు. ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చి, అమ్మ ముద్ద కలుపుతుంటే, ఈ కథంతా నవ్వుతూ చెప్పాను. అమ్మ కూడా నవ్వుతుందనే చెప్పాను. టీచరు తల తిప్పుకున్నది, పిల్లలు ముక్కు మూసుకున్నది చేసి చూపించాను కూడా. అమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏమి చెప్తివే ఇస్కూల్లో? ఇంకొకతూరి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. ఛీ, ఆ రోజు నా నాలుక ఎందుకు పడిపోలేదో!

మర్నాటి నుంచి నాలుగో నీళ్ళు మొదలయ్యాయి. బూడిద, సున్నం కలిపి చేతులు రుద్దుకునేది, పగిలి నెత్తురు వచ్చేదాకా. ముద్దలు పెట్టడం మానేసింది. అన్నం గరిటెతో వడ్డించి, తిను, పెద్దదానివైనావు, అనేది. ఒడిలోకి పోతే కాళ్ళు ముడుచుకునేది. చర్చిలో నన్ను ముందు కూర్చోబెట్టి తను చివరి చాప మీదికి పోయేది. బడికి ఇంక ఎప్పుడూ రాలేదు. నేనూ నిజంగానే పెద్దదాన్ని అయ్యాననుకున్నాను. ఏమైందో తెలిసేసరికి నాకు పద్నాలుగేళ్ళు. తెలిశాక అడగడానికి సిగ్గు, అడగకపోతే నొప్పి. రోజంతా వాగే మనిషిని, ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడాను.

పెళ్ళై కోయంబత్తూరు వచ్చాను. ఇక్కడా మావాళ్ళ వీధే, ఇంట్లో తెలుగే. మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మ చూడడానికి వచ్చింది కానీ ఎత్తుకోలేదు. "పనిలో ఉండే చెయ్యి, వద్దులే. రిటైరైనాక నీ మనవరాల్ని ఎత్తుకొంటా," అంది. అందరూ అది తమాషా అనుకున్నారు.

అమ్మ రిటైరై పదేళ్ళు దాటింది. తమ్ముడి దగ్గర ఉంటూ, ఊరికే కూర్చోలేక, మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే పనికి పోతుంది. ఈ ఏడు మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, నా ఇంట్లోనే. నెల దాటగానే అమ్మ చిన్నుల్లిపాయల సంచీ మోసుకుని బుధవారం మదురై బస్సు దిగింది. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు తిరుగు ప్రయాణం. నేను మనసులో ఒకటే అనుకున్నాను. ఇప్పుడు ఆ పని లేదు, సాకు లేదు. ఈసారి ఎత్తుకోవాలి. నా నోటితో పాడు చేసినది ఈ పిల్ల రూపంలోనైనా బాగుపడాలి.

అమ్మ వచ్చీరాగానే స్నానాల గదిలో దూరింది. ముప్పావుగంట. బయటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని పాపను చూసింది. కళ్ళనిండా చూసింది, ఆ మాట చెప్పాలి. "నా బంగారు తల్లీ, ముక్కు నాదే వచ్చుండాది," అని మురిసిపోయింది. మా అమ్మాయి పాపను అందించబోతే రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు కన్నూ. లేత తోలు. నా చెయ్యి గరుకు."

గురువారం మూడు స్నానాలు. శుక్రవారం మూడు. ప్రతి స్నానం తర్వాతా గుమ్మం దగ్గరికి వచ్చి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, మళ్ళీ వెనక్కి కట్టుకునేది. నేను బతిమాలాను, కసిరాను. పాపను ఒళ్ళో పడేసి పారిపోదామని కూడా ఒకసారి చూశాను. అమ్మ నాకన్నా చురుకు, తప్పించుకుని వంటింట్లోకి పోయింది.

శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అమ్మా, అవ్వకు నా పాప మీద ఆశ లేదా? ఆడపిల్లని పిడిక్కలేదా, నచ్చలేదా?"

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. అమ్మకు ఆశ లేకపోవడమేమిటి, తల్లీ! ఆశ ఎక్కువై చేతులు కట్టేసుకున్న మనిషి. కానీ అది చెప్పాలంటే నా తప్పు మొదటి నుంచి చెప్పాలి. చెప్పాను. మా అమ్మాయి అంతా విని, పాప జుట్టు సర్దుతూ, "ఇది నాకెందుకు చెప్తా ఉండావు? పోయి అవ్వకు చెప్పు," అంది. నాకు పుట్టినా దానికి తెలివి ఉంది.

శనివారం సెలవు పెట్టాను. మధ్యాహ్నం అమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒకటి తీసుకున్నాను. ఏడుపొచ్చినా ఉల్లిపాయల మీదికి తోసెయ్యొచ్చని.

"అమ్మా, పాపను ఎందుకు ఎత్తుకోవు?"

"చెప్తిని కదా, గరుకు."

"అబద్ధం."

అమ్మ కత్తి కింద పెట్టకుండానే మెల్లగా అంది. "ముప్పై ఏండ్ల వాసనే అది. మూడు నీళ్ళకు పోతాదా? నీకు అంటించి, ఒట్టించి, ఇస్కూల్లో నగుబాటు చేస్తిని. నీ బిడ్డకు ఒట్టనీలే. దాని బిడ్డకు ఒట్టనిస్తానా?"

ఇంక ఆగలేకపోయాను.

"ఆ రోజు ఫినాయిలు వాసన వచ్చినప్పుడు నేనేం చేసినానో నీకు అంతా చెప్పలేదమ్మా."

"చెప్తివి. అందురూ నగిరి, ముక్కు మూసుకొనిరి. చేసి కూడా చూపిస్తివి."

"అది తర్వాత. దానికి ముందర నేను బెంచీ మీదనుంచి దూకి వరండాలోకి పరిగెత్తినాను. నువ్వు వచ్చినావనుకొని."

"నేనా?"

"నన్ను తీసుకొని పోయేదానికి నువ్వే వచ్చినావనుకొని. చుట్టూ చూస్తే ఆయా ఉండాది, నువ్వు లేవు. అప్పుడు ఏడ్చినా. వాళ్ళు నగినారని కాదు, నువ్వు రాలేదని. నీ వాసన వచ్చి నువ్వు రాకపోవడం నాకు అదే మొదటిసారి."

అమ్మ చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది.

"నన్ను వెతికినావా?" అంది.

"వెతికినా. గేటు దాకా పోయినా."

"నలభై ఏండ్లు ఈ మాట ఎందుకే చెప్పలే?"

"నోరు రాలేదమ్మా."

"నీకు నోరు రాలేదా! ఈ మాట మదురైలో చెప్తే ఎవురైనా నమ్ముతారా?" అంది. నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "పాడు ఉల్లిగడ్డలు," అని లేచి లోపలికి పోయింది.

నేను గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ ముప్పావుగంట స్నానం చేసి, మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడి, మళ్ళీ చేతులు వెనక్కి కట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళ గడ్డ ఒక్క మధ్యాహ్నంలో కరుగుతుందని అనుకోవడం నాదే బుద్ధిలేనితనం. అమ్మ సంచీ సర్దుకుంటుంటే పక్కన నిలబడి చీరలు మడతపెట్టి ఇచ్చాను. ఆ పని ఒక్కటి నాకు బాగా వచ్చు.

ఆదివారం పొద్దున చర్చికి పోవాలని తల స్నానం చేస్తున్నాను. మా ఇంటాయన పాలకు పోయాడు. మా అమ్మాయి పాప గుడ్డలు ఆరేయడానికి మేడ మీదికి పోయింది. అమ్మ తెల్లవారకముందే లేచి, అలవాటు పోక, మా వాకిలే కాకుండా అటు ఇటు నాలుగు వాకిళ్ళు ఊడుస్తోంది. పొరక చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది. ఇంతలో పాప లేచి ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు, ఊపిరి బిగబట్టి కీచుమనే ఏడుపు. తలనిండా సీకాయి, కళ్ళు తెరవలేను. "వస్తుండా, వస్తుండా," అని అరుస్తూ చెంబు కోసం తడుముకుంటున్నాను.

పొరక చప్పుడు ఆగింది. ఆ తర్వాత పాప ఏడుపూ ఆగింది.

తడిబట్టల మీదే బయటికొచ్చాను. అమ్మ గది మధ్యలో నిలబడి ఉంది. కొంగు బొడ్లో దోపి ఉంది, చేతులు మోచేతుల దాకా దుమ్ము, కాళ్ళకు వీధి మట్టి. పాప ఆమె భుజం మీద. చిన్న ముఖం అమ్మ మెడ వంపులో దూర్చుకుని, వెక్కుతూ వెక్కుతూ నెమ్మదిస్తోంది. అమ్మ ఊగుతూ, "పోనీలే తల్లీ, మీ అమ్మ పోయిందా, మీ అవ్వ నీళ్ళల్లో మునిగిందా, ఈ ఇంట్లో ఎవురికీ బుద్ధి లేదు, నేనుండాను కదా," అని చెప్తోంది. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది.

"ఏడిచిందే. కడుక్కొనేదానికి టైము లేదు."

"తెలుసు."

"ఒక్క నీళ్ళు కూడా పోసుకోలే."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా అమ్మాయి ఖాళీ బకెట్‌తో మెట్లు దిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరం చెయ్యి చాచలేదు. పాప నిద్రపోయేదాకా అమ్మ అలాగే ఊగుతూ ఉంది. పడుకోబెట్టాక, మంచం పక్కన చతికిలబడి, నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"పాప తల వాసన చూడవే. నాది ఒట్టుకొనిందా? నిజం చెప్పు."

వంగాను. పాల వాసన ఉంది, సాంబ్రాణి పొగ వాసన ఉంది. వాటిమీద వీధి దుమ్ము, పొరక పుల్లలు, ఉల్లి, చెమట, మా అమ్మ. నలభై ఏళ్ళ తర్వాత అంత దగ్గరగా మా అమ్మ. కాసేపు తల ఎత్తలేదు.

"ఒట్టుకొనింది," అన్నాను.

అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను ఆమె దుమ్ము చేతిని తీసుకుని నా చెంపకు ఆనించుకున్నాను. ఈసారి లాక్కోలేదు.

తొమ్మిది గంటలకు, పాపకు రోజూ నీళ్ళు పోసే ఆమె వచ్చింది. ఈ రోజు వద్దు, రేపు రమ్మని చెప్పి పంపించేశాను.